మంగతాయారు గాజు మీది పిన్నీసు

నేను ఒక పిన్నీసును. ఏదో కార్ఖానాలో తీగముక్కగా పుట్టానట, ఆ సంగతి నాకు గుర్తులేదు. ఊహ తెలిసేసరికి అమలాపురంలో మంగతాయారు చేతిగాజుకు వేలాడుతున్నాను. నా ఇల్లంటే అదే. ఆవిడ పిండి కలిపినా, జడ వేసినా, ఎవరితోనైనా పోట్లాడినా గాజుల గలగలలో నా చప్పుడూ ఉండేది. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ బెంగే.

వీధిలో ఏ పెళ్లికూతురికి చీర కట్టాలన్నా ఆవిడకే కబురు. రెండు చేతులా కుచ్చిళ్లు సర్దుతూ, నన్ను విప్పి పళ్ల మధ్య పెట్టుకునేది. మనుషులకు దేవుడిచ్చిన రెండు చేతులు చాలవు, నోటిని మూడో చెయ్యి చేసుకుంటారు.

ఆరోజు పక్కింటి ఆదిలక్ష్మి కూతురి పెళ్లి.

"కాస్త వదులుగా కట్టత్తా, నాలుగు బూరెలు పట్టాలి" అంది పెళ్లికూతురు.

మంగతాయారుకి నవ్వాగలేదు. ఆ నవ్వుతోపాటే నేను లోపలికి జారిపోయి, అన్నం దిగే గొట్టంలో మొన పైకి పెట్టి ఇరుక్కున్నాను. ఆవిడ గుటక వేసినప్పుడల్లా గుచ్చుకునేదాన్ని. కదలకుండా ఉందామంటే నా చేతిలో ఏముంది!

ఆదిలక్ష్మి గబగబా అరటిపండు ఒలుచుకొచ్చింది. "మింగెయ్ వదినా, దాంతోపాటే దిగిపోద్ది."

నాకు గుండె ఉంటే ఆగిపోయేది. పండు తోసినకొద్దీ నా మొన ఇంకా లోతుగా దిగుతుంది. మంగతాయారు పండు నోటిదాకా తెచ్చుకుని, నొప్పికి తాళలేక పక్కన పెట్టేసింది. ఆ నొప్పే ఆవిడను కాపాడింది.

ఎక్స్‌రే చూసిన డాక్టరు ముందు అడిగింది ఒక్కటే. "ఏమన్నా తిన్నారా?"

"అరటిపండు పెట్టబోయామండి" అని నసిగింది ఆదిలక్ష్మి.

"తినుంటే ప్రాణం మీదికొచ్చేదమ్మా. ఇలాంటివి మింగితే ఏమీ పెట్టకుండా తిన్నగా ఆసుపత్రికి తెచ్చెయ్యాలి."

మత్తిచ్చి, చివర చిన్న దీపమున్న గొట్టం లోపలికి దించారు. ఉన్నపళంగా పైకి లాగితే చీరేస్తానని, నన్ను కడుపులోకి దించి, అక్కడ వెనక్కి తిప్పి, మొన కిందికి ఉండేలా మెల్లగా బయటికి తెచ్చారు. ఎంత ఓపికో!

ఇప్పుడు డాక్టరు గదిలో అద్దాల పెట్టెలో ఉంటున్నాను. ఒక పావలా, చేపముల్లు, ఎవరిదో కట్టుడుపన్ను నా ఇరుగుపొరుగు. కొన్నాళ్లకు మంగతాయారు చూపించుకోవడానికి వచ్చి పెట్టె ముందు ఆగింది.

"అది నాదండి డాక్టరుగారూ, ఇచ్చేద్దురూ."

"మళ్లీ మింగడానికా?"

ఆవిడ నోరారా నవ్వింది. గాజులు గలగలమన్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఈసారి ఆ నోట్లో ఏమీ లేదు.