ఏ గదిలో ఉంటారు?

రాతి యుగం గది తుడవడం అయిపోయింది. కంచు యుగం సగంలో ఉంది. చిన్నమ్మ గుడ్డ పిండి, గొడ్డలి తలలున్న అద్దాల పెట్టె మీద నోటి ఆవిరి ఊది మళ్ళీ రుద్దింది. మ్యూజియంలో అందరికీ ఆమె చిన్నమ్మే. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దున తనచేత తల దువ్వించుకుంటూ అక్క అడిగింది: "ఒసేయ్, మీ మ్యూజియంలో మన అమ్మావాళ్ళది ఏ గదే?"

"వచ్చాక చెప్తాలే, బస్సు పోతుంది," అనేసి బయటపడింది కానీ, అప్పటినుంచీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

చివర కొత్త గదికి ఇంకా రంగు ఆరలేదు. నిన్న దాని గుమ్మానికి 'ప్లాస్టిక్ యుగం' అని బోర్డు ఉంది. ఇవాళ అది నేల మీదుంది, గుమ్మం బోసిగా ఉంది. మ్యూజియం పెద్దసారు నడుం మీద చేతులు పెట్టుకుని దానివైపే చూస్తున్నాడు.

"సార్, ఇది మన కాలం గదేనా?"

"మనదే చిన్నమ్మా. పేరే కుదరడం లేదు. కంప్యూటర్ అందామంటారు కొందరు."

చిన్నమ్మ చీపురు గోడకు ఆనించింది. "మా అమ్మ కంప్యూటరు చూడలేదండీ. కంచుతోనూ పనిలేదు. మరి ఆవిడది ఏ యుగం?"

పెద్దసారు నవ్వబోయి మానేశాడు. "తవ్వితే దొరికినవాటిని బట్టి పెట్టిన పేర్లమ్మా ఇవి. కర్రా గుడ్డా మట్టిలో కలిసిపోతాయి. రాళ్ళు మిగులుతాయి."

"అంటే, కలిసిపోయినవి లేవన్నట్టా?"

"లేవని కాదు..." అని ఆయన బోర్డువైపు తిరిగాడు.

బస్సులో చిన్నమ్మ ఆ జవాబు అక్కకు ఎలా చెప్పాలా అని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఏదీ అతకలేదు. దిగవలసిన చోటు దాటిపోయి వెనక్కి నడిచింది.

ఇంటి గుమ్మంలో పక్కింటి వదిన నిలబడి ఉంది. "అన్నం తిందువుగాని లే వదినా అని మీ అక్కను లేపితే లేవలేదు. నిద్రలోనే..."

పొద్దున దువ్విన అక్క తల చెదరలేదు. చిన్నమ్మ పక్కన కూర్చుంది. ఏడుపు రావాలి కదా, ఎందుకు రావడం లేదో తెలియలేదు. అక్క చెవి దగ్గరకు వంగింది.

"అడిగానే అక్కా. ఆయనకీ సరిగ్గా తెలీదు."

తల్లి పోయాక బుట్టలల్లి తనను పెంచిన అక్క చేతులు దుప్పటి మీద ఊరికే పడి ఉన్నాయి. గోడవారన, అడుగు కట్టి నాలుగు వరసలు లేపిన బుట్ట. వెదురు బద్దల తడి ఇంకా ఆరలేదు.