రెండూ కావాలన్న ఎంబ్రాయిడరీ ఆవిడ

"రెండూ ఉండాలి," అంది ఎంబ్రాయిడరీ ఆవిడ. కంప్యూటర్ మెకానిక్‌కి ఆ మాట చెప్పడం అప్పటికి నాలుగోసారి.

ఆవిడ గోడు అర్థం కానిదేమీ కాదు. ముందుగదిలో ఎంబ్రాయిడరీ మిషను, దాని పక్కనే దాన్ని ఆడించే కంప్యూటరు. డిజైన్లు గీసే ప్రోగ్రాము పాత విండోస్‌లో తప్ప నడవదు, అది అమ్మినవాళ్ళు దుకాణం ఎత్తేసి ఏళ్ళయింది. పన్నెండేళ్ళుగా గీసుకున్న డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడేమో ఆసుపత్రివాళ్ళు నర్సుల కోట్ల మీద గుర్తు కుట్టే పని ఇస్తామన్నారు. వాళ్ళు పంపిన ఫైలు కొత్త విండోస్‌లోనే తెరుచుకుంటుందట. సోమవారం పొద్దున్నకల్లా నమూనా చూపించకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

"పాతది తీసేసి కొత్తది వేస్తానమ్మా. రెండూ ఒకదాంట్లో పెడితే, ఏదైనా తేడా వచ్చిందంటే రెండూ పోతాయి. ఆ పూచీ నాది కాదు," అని మెకానిక్ చేతులెత్తేశాడు.

"నీ పూచీ ఎవరడిగారు బాబూ? కొత్తది పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చి వెళ్ళు, చాలు."

అతను ఇచ్చి వెళ్ళాడు, బతుకుజీవుడా అనుకుంటూ.

ఆవిడ భర్త గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. కరెంటు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసి రెండేళ్ళ కిందట రిటైరైన మనిషి. ఖాళీ గదిలో స్విచ్ వేసి ఉంటే ఆయనకి ముద్ద దిగదు.

"ఈ వయసులో నీకెందుకే ఈ తిప్పలు? మిషను అమ్మేసి హాయిగా కూర్చోరాదూ," అన్నాడు. ఆవిడ పెన్‌డ్రైవ్ జాగ్రత్తగా సొరుగులో పెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టింది. వారం రోజులు వీడియోలు చూసి, ఏది ముందో ఏది వెనకో కొలతల పుస్తకంలోనే రాసుకుంది. అన్నిటికంటే ముందు చేసిన పని మాత్రం ఏ వీడియో చెప్పిందీ కాదు. ఖరీదైన గుడ్డ కోసేముందు కాగితం కోసి చూసుకోవడం ఆవిడ అలవాటు. అదే పద్ధతిలో డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి నకలు తీసి, బీరువాలో పెట్టి తాళం వేసింది.

తరవాత పాత విండోస్ ఆక్రమించిన జాగాని కాస్త కుదించి కొత్తదానికి చోటు చేసే పని మొదలైంది. పూర్తయ్యేదాకా కంప్యూటర్ ఆపవద్దని తెర మీద పెద్ద అక్షరాలు. సగం అయ్యేసరికి ఒంటిగంట దాటింది. ఆవిడ అన్నం వడ్డించడానికి వంటింట్లోకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. గోడ మీద స్విచ్ ఆపేసి ఉంది.

స్విచ్ వేసింది. కంప్యూటరు లేచింది గానీ విండోస్ లేవలేదు. డిస్కులో సిస్టమే లేదంటుంది. మళ్ళీ వేసింది, మళ్ళీ అదే పాట.

"ఏవండీ, మీరేనా?"

"అలవాటు కదే. గదిలో ఎవరూ లేరని..."

"తెర మీద అంకెలు నడుస్తున్నాయి. చూడలేదా?"

"చూశాను," అన్నాడాయన. "ఆపవద్దన్నది కూడా చదివాను. ఇది పోతే నువ్వు మిషను వదిలేస్తావనుకున్నాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నేను ఇంట్లో లేను. ఇప్పుడు నేనున్నాను, నువ్వేమో ఈ గదిలోనే ఉంటావు. పొద్దున లేచింది మొదలు నాతో మాట్లాడే దిక్కు లేదు."

ఆవిడకి కోపం నషాళానికంటింది. బీరువాలో ఆ నకలే లేకపోతే పన్నెండేళ్ళ కష్టం గంగలో కలిసేది కదా! ఆయన ముఖం చూస్తే జాలేసింది, జాలేసినందుకు ఇంకా ఒళ్ళు మండింది. కానీ పోట్లాడుతూ కూర్చుంటే సోమవారం ఆగుతుందా? వెళ్ళి బీరువా తెరిచింది.

"మీరు చేసింది నేను మరిచిపోను. అది తరవాత మాట్లాడుకుందాం," అని కొలతల పుస్తకం ఆయన చేతిలో పెట్టింది. "మళ్ళీ మొదటినుంచి. చదవండి, నేను చేస్తాను."

ఆయన కళ్ళజోడు తెచ్చుకున్నాడు. నకలు తిరిగి ఎక్కడానికే రెండు గంటలు పట్టింది. కంగారులో ఎవరిదో నడుము కొలత కూడా చదివేశాడు. ఆవిడకి నవ్వొచ్చింది గానీ బిగపట్టుకుంది. చోటు చేసేటప్పుడు ఇద్దరూ గది కదల్లేదు. కొత్తది ఖాళీ చోట్లోకే వెళ్తోందా అని ముమ్మారు చూసుకుని మరీ మీట నొక్కారు.

ఆరున్నరకి తెర మీద రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ఆవిడ ముందు పాతదాంట్లోకి వెళ్ళింది. డిజైన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆపి, మళ్ళీ వేసి, కొత్తదాంట్లోకి వెళ్ళింది. ఆసుపత్రి గుర్తు తెర నిండా పరుచుకుంది. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అంటే, ఇక నువ్వీ కుర్చీలోంచి లేవవన్నమాట," అన్నాడాయన మెల్లగా.

"లేవను." ఆవిడ అప్పటికే మిషనుకి నీలందారం ఎక్కిస్తోంది. "మీరే ఒక కుర్చీ తెచ్చుకుని నా పక్కన వేసుకోండి. రంగు మారినప్పుడల్లా దారం అందించే మనిషి కావాలి నాకు. రెండేళ్ళ నుంచీ చెప్పాలనుకున్న కబుర్లు ఏమున్నాయో ఇప్పుడు చెప్పండి, వింటాను."