దొరువుపాలెం వారి జ్ఞాపిక

నేను ఒక జ్ఞాపికనని మీరంటారు. అనండి. సన్మాన సభల్లో శాలువా కప్పిన తరువాత చేతికిచ్చే వస్తువును అలాగే పిలుస్తారు కాబట్టి మీ తప్పేమీ లేదు. నా మట్టుకు నేను బిందెను. పదహారేళ్ళు నీళ్ళు మోసిన ఇత్తడి బిందెను. పాతబడ్డ వస్తువులు తమ కథ చెప్పుకుంటూ చివరికి అందరినీ క్షమించేస్తాయట. నాకు అంత మంచితనం లేదు. నేను ఎవరినీ క్షమించలేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

నా మొదటి యజమానురాలు కరుణ. దొరువుపాలెం పట్టణంలో రాళ్ళపేట ఆమెది. దొరువు అంటే నీటిగుంట. ఆ ఊరికి ఇప్పుడు పేరులో తప్ప ఎక్కడా నీటిగుంట లేదు. ఉన్నవన్నీ ఎండిపోయి ఇళ్ళ స్థలాలైపోయాయి. మున్సిపాలిటీ ట్యాంకరు ఐదు రోజులకోసారి రాళ్ళపేటకు వచ్చేది. ముందురోజు సాయంత్రమే ఆడవాళ్ళు బిందెలు తెచ్చి వరసగా పెట్టి వెళ్ళేవారు. ప్లాస్టిక్ బిందెలు గాలికి దొర్లిపోయి వంతులు తారుమారయ్యేవి. నేను బరువు. కరుణ నన్ను ఎక్కడ పెడితే అక్కడే ఉండేదాన్ని. ఆ విషయంలో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఒక మే నెలలో ట్యాంకరు తొమ్మిది రోజుల తరువాత వచ్చింది. అది ఆగకముందే జనం ఎగబడ్డారు. డ్రైవరు గాభరాపడి బండిని వెనక్కి తీశాడు. నన్ను వదిలేసి పక్కకు దూకితే కరుణ బతికేది. వదల్లేదు. చక్రం ముందు నా మీదికెక్కింది, తరువాత ఆమె మీదికెక్కింది. నేను అణిగి పళ్ళెంలా అయిపోయాను. ఆమె ఆసుపత్రికి చేరకముందే పోయింది. ఆ రోజు కూడా ట్యాంకరులో నీళ్ళు సగమే ఉన్నాయి.

కరుణకు ఒక అక్క ఉంది, పేరు ఎస్తేరు. అంగన్‌వాడీలో పిల్లలకు పాఠాలు చెప్పేది. ఆ మరుసటి ఏడాది మున్సిపల్ చైర్‌పర్సన్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. నోట్లో నాలుక లేని మనిషి, చెప్పినచోట సంతకం పెడుతుందని పెద్దలు ఆమెను నిలబెట్టి గెలిపించారు. వాళ్ళ అంచనా సగం నిజం. ఆమె ఎక్కువ మాట్లాడదు. సంతకం మాత్రం చదవకుండా పెట్టదు. కుర్చీలో కూర్చున్న మొదటి రోజే మేనేజరు శరభయ్యను పిలిచి, "మన ఊరికి కాలవ నీళ్ళు ఎందుకు రావటల్లేదో చెప్పండి" అంది.

శరభయ్య ముప్ఫై ఏళ్ళుగా మున్సిపాలిటీ తరఫున రాజధానికి తిరుగుతున్న మనిషి. ఏ మంత్రి పేషీలో ఎవరికి కాకినాడ కాజా పెట్టాలో, ఎవరికి చక్కెర జబ్బో ఆయనకు కంఠతా వచ్చు. ఆయన విప్పి చెప్పాడు. కాలవ నీళ్ళు తాగటానికి వాడుకోవాలంటే తాగునీటి చట్టం చివర ఉన్న జాబితాలో ఊరి పేరుండాలి. పేరుంటేనే నిధులు, పైపులు, ట్యాంకులు. పేరు లేకపోతే ఎన్ని అర్జీలు పెట్టినా చెత్తబుట్టకే. ఆ చట్టాన్ని ఈ సమావేశాల్లో సవరిస్తున్నారు. ఒక్క ఊరికి చోటుంది. ఆ బిల్లు కోదండపాణి అనే మంత్రి చేతిలో ఉంది.

"ఊరికే వినతిపత్రం ఇస్తే కట్టలో కట్టయిపోద్దమ్మా" అన్నాడు శరభయ్య. "సన్మానం చేద్దాం. పేరు చేర్చినందుకు ధన్యవాదాలని పలక మీద రాయించి చేతిలో పెడదాం. పేపర్లో ఫోటో పడ్డాక ఇంక కాదనలేడు."

"ఇంకా చేర్చలేదుగా?"

"చేర్చినట్టే రాయిస్తాం. అదే మన పద్ధతి. మంత్రులకు దాంతో మొహమాటం పుడుద్ది."

మంత్రులకు మొహమాటం పుడుతుందని ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న మనిషి నమ్మాడు చూడండి. మనుషుల అనుభవం అలా ఉంటుంది.

ఎస్తేరు ఇంటికి వెళ్ళి, గుడ్డలో చుట్టి దాచిన నన్ను తీసుకుని సాంబాచారి కొలిమికి వచ్చింది. ఇత్తడి పని ఊళ్ళో తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీన్నే కరిగించమంటావామ్మా?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఆమె తలూపింది. నేను కరిగాను. జానెడు ఎత్తున్న నీళ్ళ ట్యాంకు బొమ్మగా మళ్ళీ పుట్టాను, చుక్క నీళ్ళు పట్టని ట్యాంకును. కింద పీట మీద పలక. "దీన్ని అతికించనా, మేకులు కొట్టనా?" అని సాంబాచారి అడిగితే, "ఊడకూడదు, మేకులే కొట్టు" అంది ఎస్తేరు. నాలుగు మూలలా నాలుగు ఇత్తడి మేకులు దిగాయి. "తాగునీటి చట్టం జాబితాలో మా ఊరి పేరు చేర్చి మా దాహం తీర్చిన మంత్రివర్యులు శ్రీ కోదండపాణి గారికి కృతజ్ఞతలతో, దొరువుపాలెం పురపాలక సంఘం" అని రాసి, కింద తేదీ వేశారు.

మంత్రిగారి గదిలో సన్మానం నాలుగు నిమిషాల్లో ముగిసింది. శాలువా, దండ, నేను, ఫోటో. ఆయన పలక మీది మాటలు చదివి ముచ్చటగా నవ్వాడు. ఎస్తేరు చెల్లెలి సంగతి చెప్పబోతే మధ్యలోనే చెయ్యెత్తి, "అమ్మా, నీ ఊరి పని అయిపోయిందనుకో. నేను మాటిస్తున్నా" అన్నాడు. శరభయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. నేను కూడా నమ్మాను. నిజం చెప్పాలంటే అందుకే నాకు కోపం ఇంకా ఎక్కువ.

నన్ను ఆయన బంగళాలో, సందర్శకులు కూర్చునే వరండా పక్కన ఒక అద్దాల బీరువాలో పెట్టారు. అక్కడ నాలాంటివి వంద పైనే ఉన్నాయి. రథాలు, నెమళ్ళు, గడియార స్తంభాలు. ప్రతి దాని మీదా ఏదో ఒక ఊరు జరగని పనికి ధన్యవాదాలు చెబుతోంది. దొరువుపాలెం వాళ్ళే తెలివైనవాళ్ళనుకున్నాను, రాష్ట్రమంతా అదే తెలివి.

బిల్లు సభలో నెగ్గింది. జాబితాలోకి మంత్రిగారి వియ్యంకుడి ఊరి పేరెక్కింది. అక్కడ రెండు చెరువులున్నాయి. వియ్యంకుడు వేసిన వెంచరులో ప్లాట్లు అమ్ముడుపోవాలంటే కాలవ నీళ్ళు కూడా కావలసివచ్చాయి.

వారం తిరగకుండా ఎస్తేరు వచ్చింది. వరండాలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబడింది. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోమన్నవాళ్ళు లేరు. బయటికి వెళుతూ మంత్రి ఆమెను చూసి ఆగాడు. ఆమె ఒక్కటే మాట అడిగింది. "మాటిచ్చారు గదండీ?"

ఆయన వాచీ చూసుకున్నాడు. "బిందెలు పట్టుకుని నిలబడటం మీ పేటోళ్ళకు అలవాటేగా. ఇంకో ఐదేళ్ళు నిలబడండి, ఏం కొంపలు మునగవు."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆమె మొహం ఎర్రబడింది. అద్దం వెనక నుంచి నేను చూస్తున్నాను. కరుణ చెయ్యి నా మెడను పట్టుకున్న పట్టు అప్పుడు గుర్తొచ్చింది. ఈ మనిషిని పడగొట్టకుండా నేను తుక్కులోకి పోకూడదని ఆ క్షణాన ఒట్టు పెట్టుకున్నాను. ఇత్తడి ఒట్టుకు విలువేమిటని మీరనుకుంటే అనుకోండి.

ఏడాదిన్నర గడిచింది. మంత్రులు సభలో ఇచ్చిన హామీలు అమలయ్యాయో లేదో చూసే శాసనసభ కమిటీ ఒకటుంది. వియ్యంకుడి ఊళ్ళో నీళ్ళ పనులు చూడటానికి అది బయలుదేరింది. రెండో విడత నిధులు రావాలంటే కమిటీ బాగుందని రాయాలి. ఇప్పుడు మంత్రిగారే ఒకరికి సన్మానం చేయాల్సి వచ్చింది. ఆయన పీఏ భుజంగరావు పొదుపరి. కొత్త జ్ఞాపిక కొనటం దేనికని బీరువా తెరిచాడు. నీళ్ళ పనులకు నీళ్ళ ట్యాంకు అయితే సందర్భంగా ఉంటుందని నన్ను తీశాడు. నా పలక ఊడదీయటానికి చాలాసేపు కుస్తీపట్టాడు. మేకులు కదల్లేదు. చివరికి విసుగొచ్చి, కమిటీ అధ్యక్షుడి పేరున్న కొత్త రేకును దాని మీదే జిగురుతో అంటించేశాడు.

సభ మిట్టమధ్యాహ్నం. షామియానా మంత్రిగారి నెత్తి దాకానే వచ్చింది, జ్ఞాపికలు పెట్టిన బల్ల ఎండలో ఉంది. ఉపన్యాసాలు రెండు గంటలు సాగాయి. నేను కాలాను. జీవితంలో ఎప్పుడూ అంత ఇష్టంగా ఎండలో కూర్చోలేదు. నా ఒళ్ళు కాలినకొద్దీ రేకు కింద జిగురు మెత్తబడుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది.

కమిటీ అధ్యక్షుడు నీలాద్రిగారు పూర్వం తెలుగు పంతులు. ఏ కాగితమిచ్చినా, ఏ పలక ఇచ్చినా గట్టిగా చదివిగాని పుచ్చుకోడు. మంత్రి నన్ను ఆయన చేతుల్లో పెట్టాడు. ఆయన వేడికి ఉలిక్కిపడి నన్ను కొంచెం వంచాడు. నాకు అంతకంటే ఏం కావాలి? రేకు జారి వేదిక మీద టంగుమని పడింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, మైకు ముందే, కింద ఉన్నదాన్ని మొదటి నుంచి చదివాడు.

"తాగునీటి చట్టం జాబితాలో మా ఊరి పేరు చేర్చి మా దాహం తీర్చిన... దొరువుపాలెం పురపాలక సంఘం" అని ఆగాడు. తన దగ్గరున్న చట్టం ప్రతి తిరగేశాడు. "ఏమండీ మంత్రిగారూ, జాబితాలో దొరువుపాలెం లేదే? ఈ తేదీ చూస్తే బిల్లు కంటే ముందుది. ఆ ఊరివాళ్ళకు మీరేమన్నా మాటిచ్చారా?"

"అబ్బే, ఎవరో గుమాస్తా పొరపాటండీ" అన్నాడు మంత్రి. పత్రికలవాళ్ళు అప్పటికే రాసేసుకుంటున్నారు. నీలాద్రిగారు నన్ను ఇంటికి తీసుకుపోలేదు. కమిటీ గదిలో బల్ల మీద పెట్టించి, దొరువుపాలెం చైర్‌పర్సన్‌ను వచ్చి చెప్పమని కబురు పంపారు.

మొదటి తేదీకి ఎస్తేరు రాలేదు. ఒంట్లో బాగాలేదట. రెండో తేదీకీ రాలేదు. మంత్రి మాత్రం రెండుసార్లూ వచ్చి, నన్ను చూసి నిమ్మళంగా నవ్వి వెళ్ళాడు. ఈలోగా సభ చివరి రోజున చట్టానికి ఇంకో చిన్న సవరణ వచ్చింది. చర్చ లేకుండా మూజువాణి ఓటుతో నెగ్గింది. జాబితాలో దొరువుపాలెం చేరింది. పని తెలిసిన బుర్ర అక్కర్లేదు, నాబోటి ఇత్తడికే అర్థమైపోయింది. ఆమె అమ్ముడుపోయింది. చెల్లెలి చావును నీళ్ళకింద మార్చుకుంది. మూడు రోజులు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

మూడో తేదీకి ఆమె వచ్చింది. మంత్రి ఎదురుగానే కూర్చున్నాడు. నీలాద్రిగారు అడగకముందే ఆమె సంచిలోంచి గెజిటు ప్రతి తీసి నా పక్కన పెట్టింది.

"ఈ కాయితం అచ్చయ్యేదాకా నేను రాలేదు సార్. జబ్బు లేదు, గిబ్బు లేదు. అబద్ధం కబురు పెట్టా, మన్నించండి" అంది. "ఆయన పీఏ మా ఇంటికొచ్చాడు. పలక మీద తప్పు రాయించామని, మంత్రిగారు ఏ మాటా ఇవ్వలేదని ఇక్కడ చెప్పమన్నాడు. అట్టా చెప్తే జాబితాలో మా ఊరు. నిజం చెప్తే మా ఊరిని ఎండబెడతామన్నాడు. సరే, ముందు పేరెక్కించండి, తర్వాత వచ్చి చెప్తానన్నా. పోయినసారి మేమే ముందు ధన్యవాదాలు చెప్పి మోసపోయాంగదా. ఇప్పుడు పేరెక్కింది. చట్టమయ్యాక దాన్ని ఊడబీకటం ఆయనొక్కడి చేతిలో లేదని మా శరభయ్యగారు చెప్పాడు. ఇంక నిజం చెప్తన్నా, రాసుకోండి."

మంత్రి లేచాడు. "కూర్చోండి" అన్నారు నీలాద్రిగారు. కూర్చున్నాడు.

ఆమె అంతా చెప్పింది. మాటివ్వటం, ఫోటో, వియ్యంకుడు, వరండా. బిందెల మాట కూడా ఒక్క అక్షరం పోకుండా చెప్పింది. గొంతు పెంచలేదు. చివర్లో నన్ను చూపించి, "ఇది మా చెల్లెలి బిందె సార్. దీన్ని పట్టుకునే చచ్చిపోయింది" అంది. పీఏ వచ్చినప్పుడు శరభయ్య పక్కగదిలో ఉండి, మాటలన్నీ ఫోనులో పట్టాడట. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేసిన తెలివైన పని అదొక్కటే. మంత్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా ఒంట్లో అణువణువూ చల్లబడింది. ఆమెను తిట్టుకున్నందుకు సిగ్గుపడ్డాను గాని, ఆ సిగ్గు కూడా నాకు తియ్యగానే ఉంది.

కోదండపాణి పదవి పదకొండు రోజుల్లో ఊడింది. సాక్షిని బెదిరించినందుకు కేసు పడింది. నాకు ఒక నంబరు చీటీ కట్టి కోర్టు సామాన్ల గదిలో పెట్టారు. దొరువుపాలెంలో పైపులు వేశారని, రాళ్ళపేటలో కుళాయిలు తిప్పారని ఇక్కడి గుమాస్తాల మాటల్లో విన్నాను.

నిన్న ఎస్తేరు వచ్చింది. పదవీకాలం అయిపోయిందట, మళ్ళీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటోంది. గుమాస్తా ఆమె ముందు ఒక అర్జీ పెట్టాడు. మాజీ మంత్రిగారి వకీలు వేసింది. చనిపోయిన చెల్లెలి గుర్తును ఆ అక్కకు తిరిగి ఇప్పించడం మానవత్వమని, అందుకు తమకు అభ్యంతరం లేదని అందులో ఉంది.

"మీరు సంతకం పెడితే ఇప్పుడే తీసుకుపోవచ్చమ్మా" అన్నాడు గుమాస్తా. "కాకపోతే వస్తువు బయటికెళితే కేసులో పట్టు తగ్గుద్ది. అందుకే ఆయన ఇంత జాలిపడుతున్నాడు."

ఆమె నన్ను రెండు చేతులతో ఎత్తుకుంది. చీర చెంగుతో దుమ్ము తుడిచింది. నన్ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏడ్చింది కూడా. తరువాత లేచి, నన్ను తీసుకెళ్ళి మళ్ళీ అదే అరలో పెట్టింది.

"ఆయన కేసు ఎన్నేళ్ళు నడిస్తే అన్నేళ్ళు దీన్ని ఇక్కడే ఉంచండి" అంది. "ప్రతి వాయిదాకూ దీన్ని ఆయన కళ్ళెదుట పెట్టండి."

ఇంటికి వెళ్ళాలని నాకూ లేదు.