రంపంతో కోసిన పటం

మా బావ ధనశేఖర్‌కు సిగ్గు లేదు. ఉంటే, తల్లి చేతిని తండ్రి బొమ్మకు అతికించి, దాన్ని చిత్తూరులోని సాహితీ సంఘం హాలుకు ఇచ్చేవాడు కాదు.

మా మామ గంగాధరం పేరున్న కథారచయిత. ఆయన వరండాలో పచార్లు చేస్తూ కథ చెప్తుంటే మా అత్త యశోదమ్మ రాసేది. నచ్చని మాటలు ఆమే కొట్టేసేది కూడా. తిరుపతిలో సినిమా కటౌట్లు వేసే కుప్పుస్వామి అది చూసి, ప్లైవుడ్ పలక మీద ఇద్దరినీ పక్కపక్కన రంగుల్లో వేసిచ్చాడు. కలం అత్త చేతిలోనే పెట్టాడు.

మామ పోయాక అన్నదమ్ములు, బావా నా మొగుడూ, భాగాలు పంచుకున్నారు. మామిడితోట తేలిగ్గానే తెగింది, పటం దగ్గర పేచీ వచ్చింది. పెద్దమనుషులు వడ్రంగిని పిలిపించి పలకను నడిమికి కోయించారు. తండ్రి ముక్క బావకు, తల్లి ముక్కతో పాటు తల్లి మాకు. అత్త ముంజేతి మీద రంపం పడింది. గాజులూ, కలం పట్టిన వేళ్లూ బావ ముక్కలోకి పోయాయి. ఆ తర్వాత ఆయన ఎవరితోనో గాజులు చెరిపించి, తెల్లచొక్కా చెయ్యి గీయించి, ఆ వేళ్లను మామవి చేసేశాడు. తెలిసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. అత్త మాత్రం, తన ముక్కను మామ పక్కన పెడితే చాలంది. ఎనభై దాటిన మనిషి, ఇన్నేళ్లలో నన్ను వేరే ఏదీ అడగలేదు.

హాల్లో మామ పటం ఆవిష్కరణ రోజు మా ముక్కను దుప్పట్లో చుట్టి బంగారుపాళ్యం నుంచి ఆటోలో తెచ్చాం. బావ హాలు గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు.

"సూడమ్మా, ఈడ పెట్టే పటాలకు దండ ఏస్తారు. బతికుండే మనిషి పటానికి దండేస్తే అరిష్టం. అమ్మ పోయినంక సూస్తాంలే."

అత్త నా పక్కనే ఉంది, అంతా వింటోంది. సంఘం అధ్యక్షుడు అవునవునని తల ఊపాడు. నా మొగుడు గిరిప్రసాద్ నేల చూపులు చూస్తున్నాడు. ఆ ముగ్గురినీ చూస్తే నాకు అసహ్యం వేసింది. బావను ఎప్పుడూ మీరు అనే పిలిచిన నోరు ఇక ఆగలేదు.

"కన్నతల్లి చెయ్యి కోసుకున్నోడివి, అరిష్టం సంగతి నువ్వా చెప్పేది?"

బావ నా మీదికి వచ్చాడు. గిరిప్రసాద్ నన్నే వెనక్కి లాగాడు. మేం అరుచుకుంటూ ఉండగానే అత్త లోపలికి నడిచి, మామ కోసం తెచ్చిన చామంతి దండను పళ్లెంలోంచి తీసుకుంది. వచ్చి దుప్పటి విప్పింది. దండను తన బొమ్మ మెడలో తనే వేసి, సరిచేసి, కొడుకు వైపు తిరిగింది.

"నేను సచ్చిపోయినాను నాయనా. ఇంక తగిలించు."