మాట అందించే మనిషి

నాటకాల కంపెనీలో ఆయన ఏనాడూ వేషం కట్టలేదు. రిటైరయ్యేదాకా తెర పక్కన పీట మీద కూర్చుని, వేషగాడు మాట మర్చిపోయి గుడ్లప్పగించిన చోటల్లా గుసగుసగా మాట అందించడమే ఆయన పని. సింహాసనాలెక్కి మీసాలు మెలేసిన వాళ్లంతా ఆయన పుణ్యాన పరువు దక్కించుకున్నవాళ్లే. అందుకే అందరూ ఆయన్ని ప్రాంప్టర్ గారనే పిలుస్తారు. ఎనభై దాటాక మోకాళ్లు మొండికేశాయి, కళ్లు మసకేశాయి. చెవులు మాత్రం చెక్కుచెదరలేదు. పక్క గదిలో గుసగుసలాడినా ఆయన చెవిన పడాల్సిందే.

ఈ సంగతి కన్నపిల్లలకే తెలియకపోవడం విచిత్రం. పిలిస్తే పలకడు కాబట్టి నాన్నకు చెముడొచ్చిందని తేల్చేసుకున్నారు. చెముడూ లేదు, గిముడూ లేదు. గట్టిగా మాట్లాడేవాళ్లకు తమ మాట తమకు గుర్తుందని, అక్కడ తన అవసరం లేదని ఆయన ధీమా. గుసగుస వినబడితే మాత్రం ఒళ్లంతా చెవులైపోయేది.

ఆ మధ్యాహ్నం హాల్లో కుర్చీలో కూర్చుని తీరిగ్గా కాలిగోళ్లు తీసుకుంటుంటే, వంటింట్లో కొడుకు గొంతు తగ్గించాడు.

"గుండెలో వాల్వు బాగా పాడైందట. ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాలి. నాన్నకు మాత్రం చెప్పొద్దు, హడలిపోతాడు. చిన్న టెస్టని చెప్పి తీసుకెళ్లి చేర్పించేద్దాం."

"ఒక్కరోజు ఉంటే చాలు, ఇంటికొచ్చేయొచ్చు అని చెప్పన్నయ్యా. అప్పుడైతే ఒప్పుకుంటాడు," అంది కూతురు. "అమ్మా, నువ్వు నోరు జారకు."

వాళ్లమ్మ చేతిలో గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడు చేశాయి.

ప్రాంప్టర్ గారు గోళ్ల కత్తెర పక్కన పెట్టారు. చావంటే ఆయనకు మరీ అంత బెరుకు లేదు. ఎన్ని చావు సీన్లు చూశారని! పోవాల్సినవాడు పోకుండా చప్పట్ల కోసం లేచి ఇంకో నాలుగు మాటలు చెప్పడం, జనం విసుక్కోవడం ఆయనకు కొత్త కాదు. ఆయన్ని భయపెట్టింది వేరే. కంపెనీలో తనతో పనిచేసిన మేకప్ మాస్టారిని కూడా ఇలాగే ఏదో చెప్పి ఆసుపత్రిలో చేర్చారు. ఒంటినిండా గొట్టాలు పెట్టించుకుని, చూడ్డానికి వెళ్లినవాళ్లందర్నీ "ఇంటికెప్పుడు?" అని అడుగుతూనే పోయాడు పాపం. ఆ మనిషికి ఏం కావాలని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు తన వంతొచ్చింది. తన ఆఖరి అంకం తనకు చూపించకుండానే ఆడించేస్తారా? ఆయనకు ఒళ్లు మండింది.

మరి లేచి వెళ్లి అడగొచ్చు కదా అంటే, అక్కడే వచ్చింది చిక్కు. ఎవరి మాటైనా అందించగలరు గానీ, తన మాట తాను చెప్పుకోవడం ఆయనకు చేతకాదు. పెళ్లిచూపుల్లో కూడా అమ్మాయి నచ్చిందని ఆయన తరఫున వాళ్ల బాబాయే చెప్పాడు.

మర్నాడు నలుగురూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు గది బయట బెంచీ మీద కొడుకు తండ్రి పక్కన చేరి గొంతు సవరించుకున్నాడు. అబద్ధం చెప్పడం వాడికి చిన్నప్పట్నించీ రాదు.

"నాన్నా, ఏం లేదు... ఊరికే ఒక చిన్న... అదీ... ఏంటంటే..."

పెదవులు కదిలీ కదలనట్టుగా, ఎటో చూస్తూ, తండ్రి అందించాడు: "టెస్టు."

"ఆఁ, టెస్టు. భయపడాల్సిందేం లేదు. ఒక్కరోజు... ఒక్కరోజు..."

"ఉంటే చాలు, ఇంటికొచ్చేయొచ్చు."

"ఉంటే చాలు, ఇంటికొచ్చే..." కొడుకు నోరు అలాగే ఉండిపోయింది. కూతురు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రాంప్టర్ గారు నాలిక్కరుచుకున్నారు. ఏం చేస్తారు, అలవాటు! ఎదుటివాడు మాట కోసం తడుముకుంటుంటే ఆయన నోరు ఊరుకోదు.

"నీకెలా తెలుసు నాన్నా?"

"నిన్న వంటింట్లో రిహార్సల్ వేసుకున్నారుగా. చెల్లెలు చెప్పిన మాటే నీకు నోటికి రాలేదు."

కొడుకు నవ్వబోయి ఏడ్చేశాడు. "నువ్వు లేకపోతే ఎలా అని భయమేసింది నాన్నా."

"నాకూ వేసిందిరా. కానీ నన్ను అడగరేమో అని."

లోపల డాక్టరమ్మ రిపోర్టులు ముందు పెట్టుకుని కొడుకుతో మాట్లాడబోయింది. "నాన్నతో చెప్పండి మేడమ్," అన్నాడు వాడు. ఆవిడ కుర్చీ ఇటు తిప్పింది.

"ఆపరేషన్ చేస్తే ఇంకొన్నేళ్లు ఉండొచ్చు తాతగారూ. కానీ ఈ వయసులో ప్రమాదం ఎక్కువ, కోలుకోవడానికి నెలలు పడుతుంది. వద్దంటే ఆయాసం తగ్గడానికి మందులిస్తాను, అవసరమైతే నర్సును ఇంటికే పంపిస్తాను. ఎన్నాళ్లంటే మాత్రం చెప్పలేను. మీకేం కావాలి?"

నిన్నటి నుంచీ ఎదురుచూసిన ప్రశ్న. ప్రాంప్టర్ గారు నిటారుగా కూర్చున్నారు.

"నాకేం కావాలంటే... నాకు..."

అంతే. మాట రాలేదు. అందరి కళ్లూ ఆయన మీదే. ఇలా బిక్కచచ్చిపోయి తనవైపు చూసిన వేషగాళ్లకు ఎలా ఉండేదో ఆయనకిప్పుడు అర్థమైంది. అలవాటు లేని పాత్ర మరి.

వెనక కుర్చీలోంచి భార్య గొంతు వినబడింది.

"ఇంట్లో ఉండాలనుంది."

"ఇంట్లో ఉండాలనుంది," అన్నారాయన.

"మీ అందరి మధ్యా."

"మీ అందరి మధ్యా. నా కుర్చీలో, కిటికీ పక్కన." అక్కణ్ణించి ఇక ఎవరూ అందించనక్కర్లేకపోయింది. "కోత వద్దమ్మా. ఆయాసం రాకుండా చూడు, చాలు. ఉన్నన్నాళ్లు ఉంటాను. పోయేటప్పుడు మాత్రం సీను సాగదీయను."

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. మందులు రాస్తూ, ఇలా పేషెంటే చెప్పడం తనకూ తేలికగా ఉందని అంది. కొడుకు మాత్రం తండ్రి చెయ్యి వదల్లేదు.

బయటికి వస్తూ ప్రాంప్టర్ గారు భార్య పక్కకు చేరి గొంతు తగ్గించారు.

"మాట సరిగ్గా అందించావు గానీ, మరీ గట్టిగా అన్నావోయ్. చూసేవాళ్లకు వినబడకూడదు."

"వాళ్లకు వినబడాలనే అన్నానండీ," అందావిడ.