కావేరి చెంప మీద దెబ్బ

కంట్లో శుక్లాలు ముదిరాక బీబమ్మకు సీరియల్ చూడడం పోయి వినడం మిగిలింది. ఉదయగిరిలో ఆమె ఇంటి వసారాలో రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె, కోడలు సాయిరా, పక్కింటి నుస్రత్ చెక్క గరిటెలకు ఆకురాయి పడుతూ కూర్చుంటారు. మిగతా ఇద్దరూ మధ్యమధ్యలో తలెత్తి టీవీ చూస్తారు. బీబమ్మకు గొంతు చాలు, ఎవరు ఎవరి కొంప ముంచుతున్నారో చెప్పేస్తుంది.

ఆ రోజు మామూలు రోజు కాదు. సీరియల్లో నాలుగేళ్లుగా అత్త పెట్టే ఆరళ్లు పడుతున్న కావేరి ఇవాళ ఎదురు తిరుగుతుందని నిన్ననే ఊరించారు. ఆ మాట తన చెవులతో వినాలని బీబమ్మ పొద్దున్నుంచీ ఒంటికాలి మీద ఉంది. తీరా ఒంటిగంటకు టీవీ రాలేదు. కొడుకు గఫార్, ఆ ఘనుడు, తల్లిని ఒక్క మాటైనా అడక్కుండా డబ్బు దండగని డిష్ ఆపేసి, సాయిరా ఫోన్‌లో ఏదో లింకు పెట్టి, గరిటెల మూటలు వేసుకుని ఆత్మకూరు వెళ్లిపోయాడు.

ఫోన్‌లో అందరి గొంతులూ ఎలుకపిల్లల్లా కీచుమన్నాయి. అత్త ఎవరో కోడలెవరో తెలియలేదు. బీబమ్మ ఫోన్‌ను తెర మిగతా ఇద్దరి వైపు తిప్పి చెవి పక్కన పట్టుకుంది. ఇద్దరు అరుచుకున్నారు. చెళ్లుమని చెంపదెబ్బ వినపడింది.

"శభాష్! ఇంకోటి పీకవే కావేరీ!" అని గరిటెతో నేల మీద కొట్టింది బీబమ్మ.

నుస్రత్ చేయి ఆగిపోయింది. "పెద్దమ్మా, కొట్టింది అత్త. తిన్నది కావేరి."

బీబమ్మ ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల బాగుండాలని దువా చేసిన నోటితోనే ఆ పిల్ల దెబ్బలు తింటుంటే శభాష్ అనేసింది! మళ్లీ ఆకురాయి పట్టలేదు. గడప మీద కూర్చుని కొడుకు కోసం కాచుకుంది.

నాలుగింటికి గఫార్ వచ్చాడు.

"ఏందిరా ఆ గొంతులు?"

"సీరియళ్లు దొంగతనంగా పెట్టేటోళ్లు గొంతు మారుస్తారమ్మా. లేకపోతే కంపెనీవోళ్లు పట్టేస్తారు. కథ అదేలే."

"అదేనా? మొన్న ఆత్మకూరు బస్టాండులో మిషన్ చెంచాల మీద ఉదయగిరి అని అచ్చేసి అమ్మేవోడి చొక్కా పట్టుకున్నావే! చెంచా చెంచానే గదా అన్నాడంట వాడు. అప్పుడు నీకెందుకు మండిందిరా?"

"అది మన చేతిపనమ్మా!"

"మరి ఆ గొంతు? అది ఆ పిల్ల పని కాదంట్రా?"

 గఫార్ ఫోన్ తీసుకుని ఆ లింకు తీసేశాడు. ఛానల్ వాళ్ల సొంత యాప్ పెట్టి అదే ఎపిసోడ్ మొదటి నుంచి వేశాడు. సబ్బుల ప్రకటనలు వచ్చినా బీబమ్మ విసుక్కోలేదు. చెంపదెబ్బ మళ్లీ పడింది. అప్పుడు కావేరి గొంతు, నాలుగేళ్లుగా తెలిసిన ఆ బొంగురు గొంతు, వణక్కుండా పలికింది: "ఇదే ఆఖరిది అత్తయ్యా. ఇంకోసారి చెయ్యి లేస్తే ఆ చెయ్యి నేను పట్టుకుంటాను."

మధ్యాహ్నం ఈ మాట బీబమ్మ కేకలోనే కొట్టుకుపోయింది. ఇప్పుడు విని, కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ అత్తను తిట్టడం మొదలుపెట్టింది. తెలుగులో అయిపోయాక ఉర్దూలో తిట్టింది. గఫార్ మెల్లగా లేవబోయాడు.

"కూర్చోరా," అంది చెయ్యి పట్టుకుని. "నీ వంతు ఇంకా ఉండాది."