టిక్కుమంటే నొక్కాను

నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశాను. కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. పక్కవాడి చేతి గడియారం నీరసంగా నడుస్తోందంటే ఇప్పటికీ చెప్పేస్తాను. ఆ చెవులే నన్ను దొంగను చేశాయి.

కంటి వెనక పొరలో వెలుతురును పట్టే కణాలుంటాయట. నాకవి మెల్లమెల్లగా చచ్చిపోయాయి. ఆస్పత్రివాళ్ళు మూలకణాల నుంచి అలాంటివే కొత్తవి పెంచి నా కుడికంట్లో నాటారు. నారు నాటడమే అనుకోండి, బతికితే బతుకుతుంది, లేకపోతే లేదు. ప్రయోగమని ముందే చెప్పారు. ప్రతి మంగళవారం పరీక్ష. ఆరు నెలల్లో వెలుతురు జాడ తెలియకపోతే ఇక రానక్కర్లేదన్నారు.

ఆ చివరి మాటకే నాకు భయమేసింది. మా ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఇంట్లో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే, అదీ తన మాటే తప్ప నా మాట వినదు. మంగళవారం మాత్రం పరీక్ష చేసే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా నడిపిస్తూ, "ఏం తిన్నారు పెదనాన్నగారూ?" అని అడిగేది. ఆ ఒక్క ప్రశ్న కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి. సిగ్గు విడిచి చెబుతున్నాను.

పరీక్షలో పెద్ద కష్టమేమీ లేదు. చీకటి గదిలో కూర్చుని, చేతిలో బటన్ పట్టుకుని, లైటు వెలిగిందనిపిస్తే నొక్కాలి. రెండు నెలలు ఏమీ కనబడలేదు. కానీ వినబడింది. లైటు ముందున్న చిన్న మూత తెరుచుకునేటప్పుడు టిక్కుమనేది. మామూలు చెవికి అందని శబ్దం. తొమ్మిదో మంగళవారం దాన్ని విని నొక్కాను.

"పెదనాన్నగారూ! కనబడిందా?"

ఆ గొంతులో అంత సంతోషం విన్నాక నాకింకెక్కడి బుద్ధి? అప్పటినుంచి టిక్కుమంటే నొక్కాను. అనుమానం రాకుండా అక్కడక్కడా కావాలనే తప్పులు చేశాను. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికీ నాకూ తేడా లేదు.

ఇరవయ్యో మంగళవారం, బయట బెంచీ మీద పక్కనున్నావిడ పలకరించింది. "అన్నయ్యగారూ, ఈ వైద్యం బాగా పనిచేసింది మీకేనట కదా?"

"ఎవరన్నారమ్మా?"

"అందరూ అదే అనుకుంటున్నారు. నాకింకా కొంచెం చూపుంది. మా పాప ముఖం దగ్గరికి తెచ్చుకుంటే మసగ్గా తెలుస్తుంది. ఆపరేషన్‌లో ఆ కాస్తా పోవచ్చన్నారు. మీకు నిజంగా కనబడుతోందంటే చెప్పండి, ఇవాళే సంతకం పెట్టేస్తాను."

అవునంటే పాప ముఖం పోతుంది. కాదంటే నా మంగళవారం పోతుంది.

"పెట్టకమ్మా," అన్నాను. "నాకేమీ కనబడదు. శబ్దం విని నొక్కుతున్నాను."

"ఎందుకండీ అలా?" అందావిడ.

"ఇక్కడికి రాకుండా ఉండలేక."

లోపలికెళ్ళి ఆ అమ్మాయికీ అదే చెప్పాను. తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. నా చెవులకి హోరుమనే హెడ్‌ఫోన్లు పెట్టి, మళ్ళీ మొదటినుంచి పరీక్ష చేసింది.

ఆ హోరులో నేనూ చీకటీ తప్ప ఎవరూ లేరు. ఎంతసేపయిందో తెలియదు. ఒక్కసారి ఎడమవైపు, అద్దం మీద ఊపిరి వదిలినట్టు, తెల్లగా ఏదో కదిలింది. ఈసారి నిజం. నొక్కాను.

హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఒక్కసారే నొక్కారు," అంది.

"వెలిగింది కదమ్మా?"

"లేదు పెదనాన్నగారూ. అప్పుడు నేను లైటు వెయ్యలేదు."

డాక్టరు వచ్చి నా పరీక్షల లెక్కలన్నీ కొట్టేస్తున్నామని, ఇక రానక్కర్లేదని మర్యాదగానే చెప్పారు. ఆ అమ్మాయి గేటు దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఏం తిన్నారని మాత్రం అడగలేదు.

తర్వాతి మంగళవారం పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాను. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాక గుర్తొచ్చింది, వెళ్ళాల్సిన చోటేదీ లేదని. గదిలో లైటు వెలుగుతోందో లేదో తెలియక, ఎడమచేత్తో గోడ తడిమి స్విచ్చి వేశాను. టిక్కుమంది. కుడిచేతి బొటనవేలు దానంతటదే వంగి, ఉత్త గాలిని నొక్కింది.